ఒక రాజపుత్ర ఠికాణా చరిత్రను, వంశక్రమాన్ని కూర్చే విధానం: సలూంబర్ ఉదాహరణగా

రాజపుత్రుల కథలు తెలుగువారికి కొత్త కావు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి ‘రాజస్థాన కథావళి’ కాలం నుండి మన పాఠకులు చిత్తోడ్ కోట ముట్టడులను, రాణా ప్రతాప్ పట్టుదలను చదువుతూనే ఉన్నారు. ఆ కథలకు ప్రధానమైన ఆధారం జేమ్స్ టాడ్ గ్రంథం. 1818 నుండి 1822 వరకు మేవాడ్‌లో ఈస్టిండియా కంపెనీ పొలిటికల్ ఏజెంటుగా ఉన్న టాడ్, తాను సేకరించిన సమాచారాన్ని 1829లో ఒక సంపుటంగా, 1832లో మరొక సంపుటంగా ప్రకటించాడు. కథగా చదువుకోవడానికి అది చాలు. కాని ఒక సామంత కుటుంబం ఏ గ్రామాలను ఎప్పటి నుండి అనుభవించింది, గద్దె ఎవరి నుండి ఎవరికి దక్కింది, వంశవృక్షంలోని పేర్లలో ఏవి నిలుస్తాయి అనే ప్రశ్నలకు జవాబు రాయాలంటే వేరే పద్ధతి కావాలి. అనువాదకులకు, చరిత్ర విద్యార్థులకు, తెలుగు వికీపీడియా వంటి చోట్ల వ్యాసాలు రాసేవారికి ఉపయోగపడాలని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ప్రధాన ఉదాహరణ మేవాడ్‌లోని సలూంబర్. ఉదయపూర్‌కు ఆగ్నేయ దిశలో సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణం 2023 నుండి జిల్లా కేంద్రం. అంతకు ముందు కొన్ని శతాబ్దాల పాటు ఇది చూండావత్ శాఖకు చెందిన, రావత్ బిరుదు గల సామంతుల పీఠం.

గద్దె చరిత్ర వేరు, వంశ చరిత్ర వేరు

ఏ ఠికాణానైనా, అంటే ఏ సామంతుని జాగీరునైనా, చేపట్టే ముందు రెండు కాగితాలు సిద్ధం చేసుకోండి. ఒకదానిపై జాగీరు చరిత్ర, అంటే ఆ ఊరు, దానికి చెందిన గ్రామాలు, వాటిని ఇచ్చిన రాజు, ఇచ్చిన తేదీ రాయండి. రెండవదానిపై కుటుంబ చరిత్ర, అంటే తండ్రి, కొడుకు, తమ్ముడు, దత్తుడు, ఈ క్రమం రాయండి. ఈ రెండింటినీ ఒకే వరుసలో రాయడం వల్లనే ఎక్కువ పొరపాట్లు పుడుతున్నాయి. ఠికాణా పేరు కుటుంబానికి ఇంటిపేరులా స్థిరపడిన తరువాత, ఆ ఊరితో ఏ సంబంధమూ లేని పూర్వీకులకు కూడా ఆ పేరును తగిలించడం భట్టుల, అంటే వంశావళులు రాసేవారి, జాబితాల్లో తరచుగా కనిపిస్తుంది.

బద్‌నోర్ దీనికి స్పష్టమైన ఉదాహరణ. 1459లో జోధ్‌పూర్‌ను స్థాపించిన రావు జోధా కుమారుడు దూదా మేడతా పట్టణంలో స్థిరపడ్డాడు. అతని సంతతి మేడతియా రాఠోడ్‌లు. దూదా కుమారుడు వీరమ్‌దేవ్, వీరమ్‌దేవ్ కుమారుడు జైమల్. 1562లో మేడతా అక్బరు సేనల వశమయ్యాక జైమల్ మేవాడ్‌కు వచ్చాడు, మహారాణా ఉదయ్‌సింగ్ అతనికి బద్‌నోర్ ఇచ్చాడు. చిత్తోడ్ కోటను కాపాడుతూ 1568 ఫిబ్రవరిలో అతడు ప్రాణాలు విడిచాడు. కనుక బద్‌నోర్ ఠికాణా చరిత్ర జైమల్‌తో మొదలవుతుంది, బద్‌నోర్ కుటుంబ చరిత్ర మాత్రం మేడతా మీదుగా మార్వాడ్‌కు, అంటే జోధ్‌పూర్ రాజ్యానికి, వెళ్తుంది. దూదాను ‘బద్‌నోర్ ఠాకుర్’ అని రాస్తే ఒక్క మాటతో వంద సంవత్సరాల చరిత్ర తారుమారవుతుంది.

సలూంబర్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కుటుంబ మూలపురుషుడు చూండా, మహారాణా లాఖా పెద్ద కొడుకు. మండోర్‌కు చెందిన రాఠోడ్ రణ్‌మల్ తన చెల్లెలు హంసాబాయిని చూండాకు ఇవ్వదలచి, ఆచారం ప్రకారం కొబ్బరికాయ పంపాడని, ఆ సమయంలో వృద్ధుడైన లాఖా పలికిన ఒక పరిహాసపు మాట కారణంగా ఆ పెళ్లి లాఖాతోనే జరిగిందని, పుట్టబోయే కొడుకుకే గద్దె దక్కేలా చూండా తన హక్కును వదులుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ పుట్టిన కొడుకే మోకల్. గద్దెను వదులుకున్న అన్న సంతతికి రాజ్యంలో ప్రత్యేక గౌరవాలు దక్కాయి. వాటిని లెక్కలోకి తీసుకోకుండా సలూంబర్ చరిత్ర అర్థం కాదు. అయినా చూండాను ‘మొదటి సలూంబర్ రావత్’ అని రాయకండి. అతడు చూండావత్ శాఖకు మూలపురుషుడు మాత్రమే. సలూంబర్ పట్టా, అంటే గ్రామాలను ఇస్తూ రాజు రాసిచ్చే పత్రం, ఎవరి కాలంలో దక్కిందన్నది మొదటి కాగితంలో వేరుగా నిరూపించవలసిన అంశం.

శాఖలను గుర్తించడం

రాజపుత్ర కుటుంబం తన ఉనికిని మెట్లు మెట్లుగా చెప్పుకొంటుంది. పైన సూర్య, చంద్ర, అగ్ని వంశాలు, వాటి కింద సిసోదియా, రాఠోడ్, కఛ్వాహా, చౌహాన్, ఝాలా వంటి కులాలు, ఆ కింద ఖాంప్ అనే శాఖలు. శాఖ పేరు సాధారణంగా మూలపురుషుని పేరు నుండి వస్తుంది. చూండా సంతతి చూండావత్‌లు, ఉదయ్‌సింగ్ కుమారుడు శక్తిసింగ్ సంతతి శక్తావత్‌లు, కఛ్వాహా శేఖా సంతతి శేఖావత్‌లు. మేడతియాల వలె ఊరి పేరుతో వచ్చిన శాఖలు కూడా ఉన్నాయి. చూండావత్‌లలోనే మళ్లీ సలూంబర్ వారు కృష్ణావత్‌లు, దేవ్‌గఢ్ వారు సాంగావత్‌లు, ఆమేట్ వారు జగావత్‌లు, బేగూన్ వారు మేఘావత్‌లు. ఏ శాఖ ఏ తరంలో విడిపోయిందో ఈ పేర్లే చెబుతాయి కాబట్టి, వంశవృక్షం గీసేటప్పుడు ముందుగా ఈ చీలికలను గుర్తించి, తరువాతనే మధ్యలోని పేర్లను నింపండి.

మేవాడ్‌లో మొదటి శ్రేణి సామంతులను ‘సోలహ్ ఉమ్‌రావ్’, అంటే పదహారు మంది ప్రభువులు అనేవారు, రెండవ శ్రేణిని ‘బత్తీస్’, అంటే ముప్పై రెండు అనేవారు. వారందరూ మహారాణాకు దాయాదులేమీ కారు. సాద్డీ, దేల్వాడా, గోగూందా ఝాలాలవి, బేద్‌లా, కోఠారియా చౌహాన్‌లవి, బిజోలియా పర్మార్‌లది. అన్ని ఠికాణాలూ రాజు తమ్ముళ్లకు ఇచ్చినవేనని తెలుగులో కొన్ని వ్యాసాల్లో రాస్తున్నారు. అది సరికాదు. ఆంధ్ర ప్రాంతపు జమీందారీలతో పోల్చడం కూడా తప్పుదారి పట్టిస్తుంది. 1802 తరువాతి జమీందారీకి పునాది కంపెనీకి కట్టవలసిన పేష్కషు అనే కప్పం. ఠికాణాకు పునాది రక్తసంబంధమో వివాహసంబంధమో లేక యుద్ధసేవో, దానితో పాటు దర్బారులో కుటుంబానికి నిర్ణయమైన స్థానం.

ఆధారాలను ఎదురెదురుగా పెట్టడం

మొదట వెళ్లవలసింది వంశాలను కంఠస్థంగానూ, వహీ అనే పొడవాటి పుస్తకాల్లోనూ భద్రపరిచిన వారి దగ్గరకు. చారణులు కవులు, వీరకృత్యాలను పాడినవారు. బడవాలు లేదా భట్టులు తమ యజమాని కుటుంబాల ఇళ్లకు నియమిత కాలాల్లో వెళ్లి, కొత్తగా పుట్టిన పిల్లల పేర్లను వహీలో చేర్చేవారు. రాణీమంగా అని పిలిచే మరొక వర్గం ప్రత్యేకంగా రాణుల వంశాలను, వారికి పుట్టిన సంతానాన్ని నమోదు చేసింది. పరిశోధకులు ఎక్కువగా నిర్లక్ష్యం చేసే ఆధారం ఇదే, నా దృష్టిలో అత్యంత విలువైనదీ ఇదే. మగవారి జాబితాలో గొప్ప కోసం ఒక పేరు చేర్చడానికి ప్రలోభం ఉంటుంది, రాణి పుట్టింటి వివరంలో అటువంటి అవసరం తక్కువ. పైగా ఒకే కులంలో పెళ్లి నిషిద్ధం కాబట్టి సిసోదియా ఇంటి కోడలి పేరుకు ముందు ‘సిసోదిణీ’ అని కనిపిస్తే, ఎక్కడో రాత తప్పు జరిగిందని వెంటనే పట్టుకోవచ్చు. హరిద్వార్ పండాల వహీలను కూడా చూడండి. అస్థినిమజ్జనానికి వచ్చినవారు తమ పేరు, తండ్రి పేరు, తాత పేరు చెప్పి రాయించుకున్న పుస్తకాలవి. ఠికాణా గొప్పతనంతో వాటికి నిమిత్తం లేదు కాబట్టి తరాల వరుసను సరిచూడటానికి బాగా పనికివస్తాయి.

రెండవ వర్గం రాజ్యపు దస్త్రాలు. జోధ్‌పూర్ మహారాజా జస్వంత్‌సింగ్ దగ్గర దివానుగా పనిచేసిన ముంహతా నైణసీ 17వ శతాబ్దంలో కూర్చిన ఖ్యాత్ అనే చరిత్ర గ్రంథం, పరగణాల వివరాలు మార్వాడ్ ఠికాణాలకు తొలి మెట్టు. ఆ తరువాత బీకానేర్‌లోని రాజస్థాన్ రాష్ట్ర అభిలేఖాగారంలో మార్వాడ్ పట్టా బహీలు, హకీకత్ బహీలు (బహీ అన్నా వహీ అన్నా ఒకటే), పాత రాజ్యాల ఇతర దస్త్రాలు దొరుకుతాయి. వాటిలో కొంత భాగాన్ని డిజిటల్ రూపంలో అంతర్జాలంలో కూడా ఉంచారు. పట్టాలో గ్రామాల పేర్లు, ప్రతి గ్రామానికి ‘రేఖ్’ అనే ఆదాయపు అంచనా, దానిని బట్టి రాజుకు ఎంత సేవ చేయాలో ఉంటాయి. ఒక కుటుంబపు స్థితి పెరిగిందో తగ్గిందో తెలుసుకోవాలంటే భట్టు పద్యాల కన్నా రేఖ్ అంకెల వరుసను నమ్మండి. మేవాడ్‌లో ఆంగ్లేయుల కాలపు లెక్కల్లో ‘ఛటూంద్’, అంటే ఆదాయంలో ఆరవ వంతు చెల్లింపు, కనిపిస్తుంది. ఉదయపూర్, కంపెనీల మధ్య ఒప్పందం 1818 జనవరి 13న కుదిరింది. ఆ ఏడాదే టాడ్ మధ్యవర్తిత్వంతో మహారాణాకు, సామంతులకు మధ్య కౌల్‌నామా, అంటే ఒడంబడిక, జరిగింది. సలూంబర్‌కూ ఉదయపూర్‌కూ మధ్య 19వ శతాబ్దం పొడవునా నడిచిన వివాదాలను చదివేటప్పుడు ఈ రెండు పత్రాలను పక్కన ఉంచుకోవాలి.

మేవాడ్ దానశాసనం చేతికి వచ్చినప్పుడు దాని పై భాగాన్ని నిదానంగా చూడండి. అన్నిటికన్నా పైన ‘శ్రీ రామో జయతి’ అని ఉంటుంది. దాని కింద ఒక పక్క గణేశుని ప్రసాదం, మరొక పక్క ఏకలింగని ప్రసాదం అని రాసి ఉంటుంది, ఎందుకంటే మేవాడ్‌కు నిజమైన రాజు ఏకలింగజీ, మహారాణా ఆయన దివాను అని వారి విశ్వాసం. ఆ తరువాత భాలా, అంటే ఈటె గుర్తు, దాని దగ్గర ‘సహీ’ అనే అక్షరాలు. ఆ ఈటె గుర్తు వేసే హక్కు గద్దెను వదులుకున్న చూండాకూ అతని సంతతికీ చెందినదని సంప్రదాయం. సలూంబర్ రావత్ ఈటె గుర్తు మహారాణా సంతకానికి జతగా ఉంటుందని టాడ్ కూడా రాశాడు. అంటే ఒక సామంత కుటుంబపు చరిత్ర రాజ్యంలోని ప్రతి ముఖ్య శాసనం నెత్తిన గీతల రూపంలో నిలిచి ఉంది. ఇంతకన్నా బలమైన హోదా రుజువు వేరొక ఠికాణాకు దొరకడం కష్టం.

మూడవది రాయి. ఛత్రీలనే స్మారక మండపాల కింద, చెరువు గట్ల మీద దేవ్లీ అనే స్మారక శిలలు ఉంటాయి. గుర్రం మీద కత్తి పట్టిన వీరుడు, అతని ముందో పక్కనో నిలబడిన స్త్రీలు, పైన సూర్యచంద్రులు, కింద రెండు మూడు పంక్తుల్లో సంవత్, మాసం, తిథి, పేరు. మన వీరగల్లులను చూసినవారికి సూర్యచంద్రుల అర్థం చెప్పనక్కరలేదు. శిల మీద ఉన్న తేదీ సాధారణంగా మరణానిదే కాని, ఛత్రీని కట్టించిన తేదీ సంవత్సరాల తరువాతిది కావచ్చు. రెండూ ఉంటే రెండూ రాసుకోండి. ఇక నాల్గవది బయటివారి సాక్ష్యం. 1568 చిత్తోడ్ ముట్టడికి అక్బరు ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ వృత్తాంతం ఉంది. జైమల్ అక్బరు తుపాకీ గుండుకు గురయ్యాడన్న మాట శత్రుపక్షం నుండి వచ్చినందువల్లనే స్థానిక కథనానికి బలం చేకూరుతోంది.

తేదీలను మార్చుకోవడం

తెలుగువారు ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టవలసిన భాగం ఇది, ఎందుకంటే మన పంచాంగపు అలవాటే ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మనకు మాసం అమావాస్యతో ముగుస్తుంది, రాజస్థాన్‌లో పౌర్ణమితో ముగుస్తుంది. శుక్లపక్షం, వారి మాటల్లో సుదీ, ఇద్దరికీ ఒకటే. కృష్ణపక్షం, అంటే వదీ, దగ్గర మాత్రం పేరు మారుతుంది. వారి శ్రావణ వదీ మనకు ఆషాఢ బహుళం, వారి చైత్ర వదీ మనకు ఫాల్గుణ బహుళం. దీనిని మరచి లెక్కిస్తే తేదీ సరిగ్గా ఒక నెల జరిగిపోతుంది.

సంవత్సరం విషయంలో చిక్కు ఇంకా పెద్దది. విక్రమ సంవత్ నుండి 57 తీసివేస్తే క్రీస్తు శకం వస్తుందని, జనవరి నుండి మార్చి వరకు పడే తేదీలకు 56 తీసివేయాలని సాధారణంగా చెబుతారు. చైత్ర సుదీ పాడ్యమితో, అంటే మన ఉగాది నాడు, సంవత్సరం మొదలయ్యే లెక్కకు అది సరిపోతుంది. కాని మేవాడ్, మార్వాడ్ రాజ్యపు దస్త్రాల్లో సంవత్సరం శ్రావణంతో మొదలయ్యే పద్ధతి కూడా ఉంది. ఒక పత్రంలో జ్యేష్ఠ సుదీ, సంవత్ 1875 అని ఉందనుకోండి. చైత్రంతో మొదలయ్యే లెక్కలో అది 1818 వేసవి. శ్రావణంతో మొదలయ్యే లెక్కలో సంవత్ 1875 అనేది 1818 జూలై ప్రాంతంలో మొదలై మరుసటి ఏడాది అదే సమయానికి ముగుస్తుంది కాబట్టి ఆ జ్యేష్ఠం 1819లోకి వెళ్తుంది. ఒప్పందానికి ముందా తరువాతా అన్న చర్చలో ఒక ఏడాది తేడా చిన్న విషయం కాదు. పత్రంలో వారం పేరు ఉంటే తిథిని, వారాన్ని రెండు సంవత్సరాలకూ లెక్కగట్టి చూడండి, సరిపోయినదే అసలు సంవత్సరం. రెండింటికీ సరిపోకపోతే పత్రం తరువాతి నకలో, కూటపత్రమో అని అనుమానించాలి. కొన్ని దస్త్రాలు గుణింతపు గుర్తులు లేని ముడియా లిపిలో ఉంటాయి కనుక, వాటిని స్థానికంగా చదవగలిగిన వారి సహాయం లేకుండా ఊహించి చదవవద్దు.

ఒకే పేరు, వేరు వేరు మనుషులు

రతన్‌సింగ్ అనే పేరును తీసుకోండి. 1527లో ఖాన్వా యుద్ధంలో రాణా సాంగా పక్షాన మరణించిన చూండావత్ నాయకుడు రతన్‌సింగ్ అని టాడ్ రాశాడు. అదే యుద్ధంలో మరణించిన మరొక రతన్‌సింగ్ మేడతియా రాఠోడ్, దూదా కొడుకు, మీరాబాయి తండ్రి. ఔరంగజేబుతో మహారాణా రాజ్‌సింగ్ పోరాడిన 17వ శతాబ్దంలో, హాడీ రాణి కథలోని భర్త కూడా సలూంబర్ రావత్ రతన్‌సింగే. ముగ్గురినీ కలిపేసిన వ్యాసాలు కనిపిస్తాయి. ప్రతి పేరు పక్కన శాఖ, తండ్రి పేరు, ఒక స్థిరమైన తేదీ, ఈ మూడూ ఉంటే తప్ప వృక్షంలో చేర్చవద్దు. స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. హాడీ అంటే బూందీ, కోటాలను ఏలిన హాడా కులపు ఆడపడుచు. హాడా ఇంటి నుండి వచ్చిన ప్రతి కోడలూ హాడీ రాణియే. యుద్ధానికి వెళ్తూ మనసు వెనక్కి లాగుతున్న భర్తకు తన తలను గుర్తుగా పంపిన ఆ యువతి కథ మేవాడ్ ప్రజల హృదయాల్లో నిలిచింది. దానిని చిన్నబుచ్చవలసిన పని లేదు. దానిని సంప్రదాయంగా, ఆ మాటతోనే పేర్కొని, రావత్‌ల వరుసలో తేదీ నిలబెట్టడానికి మాత్రం ఇతర ఆధారాన్ని వాడండి.

ఊంటాలా కోట కథను కూడా ఇదే విధంగా చూడాలి. సేనకు ముందు నడిచే హరావల్ హక్కు కోసం చూండావత్‌లు, శక్తావత్‌లు పోటీ పడగా, ముందుగా కోటలో అడుగుపెట్టినవారిదే ఆ హక్కని మహారాణా అమర్‌సింగ్ నిర్ణయించాడట. తలుపు మేకులకు తన శరీరాన్ని ఆనించి ఏనుగు చేత పొడిపించుకున్నవాడు శక్తావత్ బల్లూ. చూండావత్ నాయకుని తలను ముందుగా కోటలోకి విసిరి హక్కు నిలుపుకొన్నది అతని పక్షం. ఈ వివరాలను తూచి చెప్పడం మన వల్ల కాకపోవచ్చు, కాని ఆ కథ రెండు శాఖల మధ్య పోటీకి సాక్ష్యం అన్నది నిశ్చయం. ఆ పోటీ 18వ శతాబ్దపు మేవాడ్ రాజకీయాన్నంతా నడిపించింది కాబట్టి దానిని గ్రంథంలో చేర్చవలసిందే.

దత్తత, తరాల లెక్క

మగ సంతానం లేని రావత్ మరణిస్తే దగ్గరి శాఖ నుండి ఒకరిని దత్తు తెచ్చి, మహారాణా సమ్మతితో ‘తల్‌వార్ బంధాయీ’ చేసేవారు, అంటే కత్తి కట్టే వేడుక జరిపి వారసత్వాన్ని ఖాయపరిచేవారు. దత్తుడైనవాడు పత్రాల్లో పెంపుడు తండ్రి కొడుకుగానే కనిపిస్తాడు. కాబట్టి వృక్షంలో గద్దె క్రమాన్ని అడ్డంగా ఒక అంకెతో, రక్తసంబంధపు తరాన్ని నిలువుగా మరొక అంకెతో చూపండి. దత్తత జరిగిన చోట చుక్కల గీత వేసి, అతడు వచ్చిన చిన్న ఠికాణా పేరు, కన్నతండ్రి పేరు రాయండి. వారసత్వ వివాదాలన్నీ ఈ చుక్కల గీతల దగ్గరే ఉంటాయి, దస్త్రాలు ఎక్కువగా దొరికేదీ అక్కడే.

వరుస పూర్తయిన తరువాత తరాల లెక్క వేసి చూడండి. చూండా 15వ శతాబ్దం తొలి భాగంలో ఉన్నాడు. 1572లో ప్రతాప్ సోదరుడు జగ్మాల్‌ను గద్దె నుండి తప్పించి ప్రతాప్‌ను కూర్చోబెట్టడంలో ముఖ్యపాత్ర వహించిన చూండావత్ కిషన్‌దాస్ పేరే కృష్ణావత్ శాఖకు వచ్చింది. ఈ ఇద్దరి మధ్య 150 సంవత్సరాలకు పైగా కాలం ఉంది. తరానికి 25 నుండి 30 సంవత్సరాలు అనుకుంటే అయిదారు తరాలు పట్టాలి. జాబితాలో పది పేర్లుంటే అన్నదమ్ములను తండ్రీకొడుకులుగా రాశారని, మూడే ఉంటే పేర్లు రాలిపోయాయని తెలుసుకోవాలి.

ఎక్కడ ఆపాలి

ఒక ఠికాణా ఎల్లప్పుడూ ఒకే రాజ్యంలో ఉందనుకోవద్దు. గోడ్‌వాడ్ ప్రాంతం 18వ శతాబ్దం ఉత్తరార్ధంలో మేవాడ్ నుండి మార్వాడ్‌కు వెళ్లింది. అక్కడి ఘాణేరావ్ చరిత్రకు అంతకు ముందు కాలానికి ఉదయపూర్, ఆ తరువాతి కాలానికి జోధ్‌పూర్ దస్త్రాలు వెతకాలి. సలూంబర్‌కు ఆ ఇబ్బంది లేదు. మేవాడ్ రాజ్యం 1948 ఏప్రిల్ 18న సంయుక్త రాజస్థాన్‌లో కలిసింది. 1952 నాటి రాజస్థాన్ భూసంస్కరణలు, జాగీర్ల పునఃస్వాధీన చట్టంతో ఠికాణాల పరిపాలన, పన్ను అధికారాలు ముగిశాయి. జాగీరు కాగితం అక్కడ ముగించండి. నష్టపరిహారం కోసం జాగీర్‌దార్లు సమర్పించిన పత్రాల్లో గ్రామాల చివరి జాబితా, ఆదాయం, కుటుంబపు వాటాలు ఉంటాయి కాబట్టి మొదటి పట్టాతో దానిని పోల్చి ఒక పట్టిక తయారు చేయండి. వంశపు కాగితంలో ఆ తరువాతి తరాల వారి పేర్లను, జీవించి ఉన్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా అచ్చు వేయవద్దు.